కెరమెరి ఘాటు గడ్డి: అత్తమ్మతో రెండు రోజుల ప్రయాణం

ఆసిఫాబాద్ అవతలి కొండదారి, కెరమెరి ఘాటుకు అందరూ పచ్చదనం చూడ్డానికి వెళ్తారు. ఎనభైల చివర్లో ఒక శ్రావణమాసంలో నేనూ మా అత్తమ్మా మాత్రం గడ్డి పీక్కురావడానికి వెళ్ళాం. నవ్వకండి, మా ఆయన గుండెకు అప్పుడు అంతకన్నా మంచి మందు మాకు తోచలేదు.

అంతకు ముందు ఏడు ఆయనకు గుండెపోటు వచ్చింది. లేచి తిరగాలి, మనసు హుషారుగా ఉండాలి అన్నాడు డాక్టరు. రోడ్డు మీద నడవమంటే ఈయనకు నామోషీ! అందుకని కరీంనగర్‌లో మా ఇంటి ముందు గ్రానైటు ముక్కలు పేర్పించి రాళ్ళతోట మొదలుపెట్టారు. సిమ్లాలో ఉన్న స్నేహితుడు మంచుకొండల గడ్డి విత్తనాలు పంపాడు. సన్నటి నీలిరంగు పోచలు, గుండ్రటి కుదుళ్ళు. చలికాలం బాగానే పెరిగింది గానీ మా ఊరి ఎండల సంగతి తెలిసిందే కదా. పొద్దున్నే తడి గోనెపట్టాలు కప్పడం, సందెవేళ తీయడం, కాలిన రాళ్ళ మీద నీళ్ళు చిలకరించడం, ఇదే పని ఆయనకు. చంటిపిల్లను సాకినట్టు సాకారు. వేసవి దాటి నాలుగు కుదుళ్ళు బతికాయి. ఆయన ముఖంలోకి కూడా కళ వచ్చింది.

తొలి ఏకాదశికి అత్తమ్మ హుస్నాబాద్ దగ్గరి పల్లె నుంచి వచ్చింది. బుద్ధెరిగిన నాటి నుంచి వరిమళ్ళలో కలుపు తీసిన మనిషి. మర్నాడు మేం లేచేసరికి రాళ్ళ సందులన్నీ అద్దంలా చేసి, కొంగు దోపుకుని నిలబడి ఉంది.

"గింత కలుపు వెట్టుకొని ఎట్లుంటున్నరు? మొత్తం పీకి పారేసిన" అంది, మేం మెచ్చుకుంటామని.

అయ్యో రామా! నేను నోటికొచ్చినట్టు అరిచాను. ఆయన మాత్రం తల్లితో "పోనీలే అవ్వా" అని లోపలికెళ్ళి పడుకున్నారు. ఆ పడుకోవడం పడుకోవడమే. నడక లేదు, అవ్వతో మాట లేదు, సరిగా తిండి లేదు. ఇలా మంచానికి అతుక్కుపోతే మనిషి దక్కడని డాక్టరు నన్ను బయటికి పిలిచి చెప్పాడు. ఆ మాట అత్తమ్మ చెవిన పడింది. ఆ పూట ఆమె చాయ్ కూడా ముట్టలేదు.

"బిడ్డా, గా గడ్డి యాడ దొరుకుతది?" అని వచ్చి అడిగింది.

"మంచు పడే కొండల మీద అత్తమ్మా. మనవల్ల అయ్యే పని కాదు."

"మన దిక్కు గుట్టలు లేవా? గుట్టల మీద రాళ్ళు లేవా? రాళ్ళల్ల గడ్డి మొలుస్తలేదా?"

కోపం ఇంకా చల్లారలేదు గానీ, నల్లబండల కెరమెరి ఘాటు గుర్తొచ్చి సంచి సర్దాను. ఆయన్ని పక్కింటి వదినకు అప్పగించి ఇద్దరం బయల్దేరాం.

పొద్దున్నే మొదటి బస్సు ఎక్కితే ధర్మారం, రాయపట్నం వంతెన, లక్సెట్టిపేట, మంచిర్యాల మీదుగా మధ్యాహ్నానికి ఆసిఫాబాద్ చేరతాం. టికెట్టు అప్పట్లో పాతిక రూపాయల లోపే. వంతెన మీద ఎర్రటి గోదావరికి అత్తమ్మ కిటికీలోంచి దండం పెట్టింది. ఆసిఫాబాద్‌లో జీపు మాట్లాడుకున్నాం. డ్రైవరుకు మా వాలకం అర్థం కాలేదు.

"చుట్టాలింటికా పెద్దమ్మా?"

"గడ్డికి పోతున్నం బిడ్డా."

"గడ్డికా! ఎడ్లున్నయా ఇంటికాడ?"

"ఎడ్లు లేవు. కొడుకున్నడు" అంది అత్తమ్మ.

అతను నా వైపు తిరిగాడు. నేను సంగతంతా చెప్పాక, వచ్చేటప్పుడు కూడా తనే తీసుకొస్తాననీ, అంతవరకు ఘాటు మీదే ఆగుతాననీ అన్నాడు.

కెరమెరి దాటాక ఘాటు మొదలవుతుంది. మలుపు మలుపుకీ మబ్బు దిగి వస్తుంది, పక్కన నల్లటి బండల మీంచి నీళ్ళు కారుతుంటాయి. పైన ఒక చిన్న హోటల్లో వేడి జొన్నరొట్టె, పచ్చిమిర్చి నూరిన కారం తిన్నాం. బ్రహ్మాండం! గడ్డి తీసుకుంటామంటే హోటలామె పకపకా నవ్వింది.

"గడ్డికి వద్దనేటోళ్ళెవలమ్మా? తీసుకోండ్రి. జర సగం కుదురు ఇడిసిపెట్టుండ్రి, మళ్ళ మొలుస్తది."

నేను అందంగా ఉన్నవి చూపిస్తూ పోయాను. అత్తమ్మ ఒక్కోదాన్నీ రెండు వేళ్ళతో పట్టి గుంజేది. సులువుగా ఊడొస్తే పక్కన పడేసేది. "గిది ఉత్తదే. గీ ఎండలకు ఆగది." చివరికి బండ పగుల్లో ఒక కుదురు ఎంత లాగినా రాలేదు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మొండిది బిడ్డా. గిసొంటిదే కావాలె నా కొడుక్కు." డ్రైవరు గడ్డపార తెచ్చి తలా ఒక చెయ్యి వేస్తే గానీ అది కదల్లేదు. ప్రతిదాన్లో సగం బండకే వదిలి, అలాంటివి ఆరు కుదుళ్ళు తడిగోనెలో చుట్టి, ఆ రాత్రికి ఆసిఫాబాద్‌లో లాడ్జిలో ఉండి, మర్నాడు ఇల్లు చేరాం.

ఆయన లేవలేదు. అత్తమ్మ కాళ్ళు కూడా కడుక్కోకుండా రాళ్ళ దగ్గర కూర్చుని, మట్టిని పొలంలా బురద చేసి, నాట్లు వేసినట్టు వరసగా పెట్టడం మొదలుపెట్టింది. బిందెలతో నీళ్ళు. నేను నోరు తెరిచేలోపే గడపలోంచి కేక వినిపించింది.

"అవ్వా! గన్ని నీళ్ళు పొయ్యకే, కుళ్ళిపోతది!"

వట్టి కాళ్ళతో వచ్చి నిలబడ్డారు. అత్తమ్మ తలెత్తలేదు.

"నాకేమెరుక బిడ్డా? పీకుడే నేర్చుకున్న గానీ గడ్డి పెట్టుడు ఎన్నడన్న నేర్చుకున్ననా? నువ్వే చెప్పు."

ఆయన పక్కనే కూర్చుని, ఆ బురద చేతుల్ని తన చేతుల్లోకి తీసుకున్నారు.

ఆ గడ్డి మా ఇంట్లో చాలా ఏళ్ళు ఉంది. కార్తీకంలో రాగిరంగు కంకులు వేసేది. మీరూ తెచ్చుకోవాలంటే వానల్లోనే వెళ్ళండి, అక్కడివాళ్ళను అడిగే తీసుకోండి. ఆకులు సగానికి కత్తిరించి, కంకర కలిపిన మట్టిలో, నీళ్ళు నిలవని చోట నాటండి. ఇవన్నీ ఎవరైనా చెప్తారు. నేను చెప్పేది ఇంకొకటి. ఇంటికి పెద్దవాళ్ళొస్తే మొదటిరోజే చెయ్యి పట్టుకుని తోటలోకి తీసుకెళ్ళండి, ఏ మొక్క ఏదో, దానికెంత కష్టపడ్డారో చెప్పండి. ఆ వేసవంతా మా ఇంట్లో ఏం జరిగిందో అత్తమ్మకు మేం ఒక్క ముక్కైనా చెప్పి ఉంటే, ఆ నాలుగు కుదుళ్ళకూ ఆమే కాపలా కాసేది.