లేని నేలదారి

వసుంధర విశాఖపట్నంలో సముద్ర భూగర్భశాస్త్రం చదివింది. తీరా 1999లో సింగపూర్‌లో ఉద్యోగం దొరికింది మాత్రం చదువయ్యాక నేర్చుకున్న కంప్యూటర్ వల్ల. చాంగీ బిజినెస్ పార్క్‌లో స్కూళ్లకు సీడీలు చేసే చిన్న కంపెనీ. యజమాని యర్రయ్య ఇక్కడే పుట్టాడు; తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడలో వచ్చాడు.

మంచుయుగం మీద ఒక సీడీ తలపెట్టారు. సముద్రం దిగిపోయిన ఆ కాలంలో సింగపూర్, సుమత్రా, జావా, బోర్నియో ఒకే నేలగా ఉండేవి. ఎవరో గీసిచ్చిన ఆ కాలపు పటాన్ని సరిచూడమని వసుంధరకు అప్పగించారు. అందులో ఆంధ్ర తీరం నుంచి అండమాన్ మీదుగా మలయా దాకా పచ్చగా ఒక నేలదారి కనిపించింది.

ఆమె సముద్రపు లోతుల లెక్కలు తీసి చూసింది. అప్పట్లో సముద్రం దిగింది నూట ఇరవై మీటర్లు. జావా వైపు సముద్రం చాలాచోట్ల అంత లోతు కూడా ఉండదు. బంగాళాఖాతం నడుమ లోతు వేల మీటర్లు.

"అంకుల్, ఈ దారి తీసెయ్యాలి. అక్కడ ఎప్పుడూ నేల లేదు."

"ఉండనీమ్మా. మనోళ్లు అప్పుడే నడిచొచ్చారంటే పిల్లలకి గొప్పగా ఉంటాది. ఎవరు చెక్ చేస్తారు?"

"మీ తాతగారు ఓడలో వచ్చారు. అదేం తక్కువా?"

యర్రయ్య ముఖం బిగుసుకుంది. "నీ వర్క్ పాస్ నా కంపెనీది. గుర్తుందా?"

"గుర్తుంది. అయినా దీనికి ఓకే చెప్పను."

ఉద్యోగం పోయింది. త్వరగా వేరే పని దొరక్కపోతే దేశం వదలాలి. "ఒక్క గీత కోసం ఇంత పంతమా?" అన్నాడు భర్త ఉదయ్‌కిరణ్.

"వెయ్యి కిలోమీటర్ల పైన నేల అది. గీత అంటావేంటి?"

సీడీ ఆ దారితోనే వచ్చింది. ఆవిష్కరణకు పిలవకపోయినా వసుంధర వెళ్లి, అందరి ముందూ లేచి, ఆ దారి కింద సముద్రం లోతెంతో అడిగింది. యర్రయ్య మైకు పక్కన పెట్టేశాడు.

చివరికి జురాంగ్ ఈస్ట్‌లో, కొత్త నేల కోసం సముద్రాన్ని పూడ్చేముందు అడుగును పరీక్షించే కంపెనీలో చేరింది. మొదటిసారి పడవ మీద నుంచి తవ్వినప్పుడు మెత్తని బూడిదరంగు బురద వచ్చింది. దాని కింద ఎర్రటి గట్టి మట్టి. ఒకనాటి నేల అది. చేతిలోకి తీసుకుని చాలాసేపు వదల్లేదు.

వారం తర్వాత పై అధికారి నళిని, వసుంధర గీసిన సముద్రపు అడుగు పటం చూసి అంది. "తవ్విన రెండు గోతుల్లోనూ పాత నది ఇసుక ఉంది కదా. గీత గీసి కలిపెయ్. క్లయింట్‌కి నీట్‌గా ఉంటుంది."

"మధ్యలో తవ్వలేదు మేడమ్. నది ఎటు తిరిగిందో తెలీదు."

"మధ్యలో ఖాళీ ఎందుకని వాళ్లు అడిగితే?"

"నన్ను పిలవండి. నేను చెప్తాను."