డెల్ఫా చేతికి కుదిరిన పిస్తోలు

డెల్ఫా స్టిల్ట్‌నర్ బడి వంటగదిలో ఉద్యోగం మానేసి చాలా కాలమైంది గాని, ఆ బొగ్గుగనుల లోయలో ఇప్పటికీ ఆమె అందరికీ బడి వంటమ్మే. ఆమె చేతి మెత్తటి బిస్కెట్ రొట్టెలూ గ్రేవీ తిని పెరిగిన పిల్లలే ఇవాళ బొగ్గు లారీలు తోలుతున్నారు, ఆసుపత్రిలో సూదులు వేస్తున్నారు. దారిలో ఎదురుపడితే బండి ఆపి, కిటికీ దించి, "బాగున్నావా డెల్ఫమ్మా" అని పలకరించి గాని కదలరు. వాళ్లలో ఎవరు ఉల్లిపాయ ఏరేసేవారో, ఎవరు రెండోసారి అడగడానికి సిగ్గుపడేవారో ఆమెకూ గుర్తే.

భర్త ఆర్బిన్ గనిలో పనిచేసేవాడు. మాట తక్కువ మనిషి. పెళ్లైన కొత్తలో ఆమెకు బండి తోలడం నేర్పాడు, పిస్తోలు కాల్చడం నేర్పాడు. బండి విషయంలో కాస్త విసుక్కున్నాడు గాని పిస్తోలు విషయంలో ఎన్నడూ విసుక్కోలేదు. శనివారం వస్తే చాలు, ఇద్దరూ కాఫీ ఫ్లాస్కు పట్టుకుని పాత రాతిగనిలో ఉన్న క్లబ్బు మైదానానికి వెళ్లేవారు. అక్కడ ఎదురుగా ఎత్తైన మట్టిదిబ్బ, దాని ముందు గురి కాగితాలు, ఇటువైపు రేకుల పందిరి కింద వరసగా బల్లలు. ఆ వరసనే లైను అంటారు. లైనుకు పెద్ద హోబర్ట్. ఆయన "లైను చల్లబడింది" అని కేకేస్తే ఎవరి పిస్తోలు వాళ్లు ఖాళీ చేసి, తెరిచి, బల్లమీద పెట్టి వెనక్కి జరగాలి. ప్రతిసారీ మొదలుపెట్టే ముందు ఆయన టోపీ తీసి, "ప్రభువా, ఎలా వచ్చామో అలాగే ఇళ్లకు చేర్చు" అంటాడు. అంతే ప్రార్థన.

ఆర్బిన్ పోయి రెండో ఏడు నడుస్తోంది. ఆయన పిస్తోలు ఉక్కుది, బరువైనది, లావుపాటి తూటాలది. డెల్ఫా దాన్నే శనివారం లైనుకు తీసుకెళ్లేది, బుధవారం తోలు ఒరలో పెట్టి నడుముకు కట్టుకునేది. బుధవారాలు ఆమె చర్చి వంటశాల నుంచి భోజనాలు తీసుకుని లోయ పైకి, ఇల్లు కదలలేని వాళ్ల ఇళ్లకు వెళ్తుంది. అక్కడ ఫోను పలకదు. ఎవరో వదిలేసిపోయిన వేటకుక్కలు మందలు కట్టి తిరుగుతుంటాయి. ఒకసారి అవి చుట్టుముడితే గట్టులోకి కాల్చి చెదరగొట్టింది. మనిషి మీదికి ఎత్తే అవసరం మాత్రం ఎప్పటికీ పెట్టొద్దని ప్రభువును అడుగుతూనే ఉంటుంది.

ఈ మధ్య ఆమె వేళ్ల కణుపులు వాచాయి. జాడీ మూతలు రావడం లేదు. బొత్తాలు పెట్టుకోవడానికి కిటికీ దగ్గర చాలాసేపు నిలబడుతోంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఆ శనివారం లైను మీద అందరికీ తెలిసిపోయింది.

పిస్తోలు పైభాగాన్ని, అంటే స్లైడును, వెనక్కి లాగి వదిలితేనే తూటా గొట్టంలోకి ఎక్కుతుంది. ఆర్బిన్ పిస్తోలు స్లైడు ముందే బిగువు. డెల్ఫా లాగింది, రాలేదు. మళ్లీ లాగింది, రాలేదు. ఇక అందరూ చేసే తప్పే ఆమె కూడా చేసింది. పట్టు దొరకడం కోసం పిస్తోలును పొట్టకు అడ్డంగా తిప్పుకుని బలమంతా పెట్టింది. గొట్టం దిబ్బను వదిలి ఎడమవైపుకు తిరిగింది. ఎడమ బల్ల దగ్గర ఐవా ఉంది. చిన్నప్పటి నుంచీ కలిసి పెరిగిన ఐవా.

"ఆపండి!" అని హోబర్ట్ అరిచాడు. చప్పుళ్లన్నీ ఒక్కసారి ఆగిపోయాయి.

ఆయన వచ్చి మెల్లగా ఆమె చేతులమీద చెయ్యి వేసి గొట్టాన్ని దిబ్బవైపు తిప్పాడు. పిస్తోలు తీసుకుని ఖాళీ చేసి బల్లమీద పెట్టాడు. ఒక్క మాట కటువుగా అనలేదు. అనుంటేనే బాగుండేదనిపించింది ఆమెకు.

"చూడమ్మా డెల్ఫా, రూలు నీకు నేను చెప్పాలా?"

"చెప్పక్కర్లేదు హోబర్ట్. పెట్టింది మా ఆయనేగా."

గొట్టం దిబ్బను వదిలిన వాళ్లు లైను దిగాలి. గొట్టం కదలకుండా తూటా ఎక్కించగలమని హోబర్ట్‌కు చూపించాకే మళ్లీ ఎక్కాలి. ఆర్బిన్ ఈ రూలు తన సొంత తమ్ముడి మీద కూడా అమలుచేశాడు.

ఐవా చెవి మూతలు తీసి మెడలో వేసుకుంది. ముఖం పాలిపోయే ఉంది గాని నోరు ఊరుకోలేదు. "ఒసే, నా మొక్కజొన్న రొట్టె నచ్చకపోతే నోటితో చెప్పొచ్చుగా."

అందరూ నవ్వారు. డెల్ఫాకు నవ్వు రాలేదు. ఇంటికొచ్చి వంటగదిలో కూర్చుని తన చేతులకేసి చూసుకుంది. వీటిని తను నమ్మొచ్చా? లైను మీద పనికిరానిది నడుముకు మాత్రం ఎలా పనికొస్తుంది? ఆ బుధవారం ఒర కట్టుకోకుండానే వెళ్లింది. పైనున్న చివరి ఇంటి గేటు దగ్గర కుక్కలు కాపు కాశాయి. లోపలి ముసలాయన లేచి తలుపు తీసి వాటిని అదిలించేదాకా బండిలోనే కూర్చుంది. బీన్స్ చల్లారిపోయాయి. "చల్లగానే బాగుందమ్మా" అన్నాడాయన, మొత్తం తిని. ఆ మంచితనానికి ఆమె మనసు ఇంకా కుంగింది. తన చేతికి కుదిరే పిస్తోలు దొరకకపోతే శనివారాలు పోతాయి. బుధవారాలు కూడా ఎన్నాళ్లు నిలుస్తాయో చెప్పలేం.

ఆర్బిన్ అక్క కొడుకు డెన్వర్ ఊళ్లో ఇనుప సామాన్ల దుకాణంలో తుపాకుల కౌంటరు చూస్తాడు. డెల్ఫా ఐవాను వెంటబెట్టుకుని వెళ్లి సంగతి చెప్పింది.

"నాకు ఒకటే కావాలిరా. బుధవారానికీ అదే, శనివారానికీ అదే. చేతులు అలవాటుపడాలంటే ఒక్కదానికే పడతాయి."

"అత్తా, నీకు సరిపోయేది నా దగ్గరుంది," అంటూ డెన్వర్ అద్దాల పెట్టెలోంచి అరచేతిలో ఇమిడే రివాల్వరు తీశాడు. పొట్టి గొట్టం, తేలికపాటి లోహం. తెరిచి, ఖాళీ అని చూపించి ఇచ్చాడు. ఆమె మళ్లీ తను చూసుకుంది. ఇచ్చినవాడు కన్న కొడుకైనా సరే, పుచ్చుకున్నవాళ్లు మళ్లీ చూసుకోవాలి. అక్కడ దాన్ని ఎవరూ తప్పుపట్టరు.

"స్లైడు గొడవే లేదు. బరువు లేదు. ఏప్రన్ జేబులో వేసుకున్నా తెలీదు. ఆడవాళ్లంతా ఇదే తీసుకుంటారు."

కౌంటరు దగ్గర మేకులు కొనుక్కుంటున్న ఇద్దరు పెద్దమనుషులు కూడా తలలూపారు. చిన్న చేతికి చిన్న తుపాకీ. లోయలో ఎవర్ని అడిగినా అదే మాట. పట్టుకుంటే నిజంగానే ముద్దుగా ఉంది. డెల్ఫాకు ప్రాణం లేచొచ్చినట్టయింది.

"కొనేముందు కాల్చి చూడు," అంది ఐవా.

హోబర్ట్ శుక్రవారం మధ్యాహ్నం గేటు తాళం తీశాడు. లైనులో ఇంకెవరూ లేరు. ఆయన డెల్ఫా భుజం పక్కనే నిలబడ్డాడు. డెన్వర్ తూటాలు తెచ్చాడు. ఐవా ఏ పనీ లేకుండానే వచ్చింది.

ట్రిగ్గరు ఎంత నొక్కినా వెనక్కి రాదే! వేలు వణికింది, పళ్లు బిగబట్టింది, చివరికి పేలింది. పేలిన అదురు బొటనవేలి మొదట్లోంచి మోచేతిదాకా పాకింది. ఇంకోటి కాల్చింది. మూడోదానికి కళ్లలో నీళ్లు తిరిగాయి. కాగితం మీద చిల్లులు ఒకదానికొకటి చుట్టం కానట్టు పడ్డాయి.

హోబర్ట్ చెయ్యి చాపాడు. "చాలమ్మా, ఇలా ఇచ్చెయ్."

డెన్వర్ ముఖం చిన్నబోయింది. "ఆడవాళ్లందరికీ ఇదే ఇస్తున్నాం అత్తా..."

"ఆడవాళ్లని అడిగి ఇస్తున్నారట్రా?" అంది ఐవా. "దూడ తన్నినంత దెబ్బ కొట్టేదాన్ని గుప్పెట్లో పెట్టి చిన్నదమ్మా అంటే సరిపోయిందా? తుపాకీ ఒంట్లో బరువు ఉంటేగా అదురు మింగేది."

డెన్వర్ తలొంచుకున్నాడు. అంతవరకూ ఈ మాట తనకు ఎవరూ చెప్పలేదన్నాడు. తను ఎవరినీ అడగలేదని కూడా ఒప్పుకున్నాడు. డెల్ఫా వాడి వీపు నిమిరింది. "నీ తప్పేం లేదులేరా. అయితే ఇక నాకు కుదిరేది లేదన్నమాట."

ఆ మాట ఐవా ఎవరెవరికి చేరవేసిందో తెలియదు. మర్నాడు శనివారం డెల్ఫా కాఫీ పట్టుకుని, పందిరి వెనక బెంచీ మీద ఊరికే కూర్చుని చూసిపోదామని వచ్చింది. లైను చల్లబడగానే హోబర్ట్ ఆమెను పిలిచాడు. చివరి బల్లమీద ఎవరో శుభ్రమైన దుప్పటి పరిచారు. దానిమీద ఎవరి పిస్తోళ్లు వాళ్లు తెచ్చి, తెరిచి పెడుతున్నారు. ఒక్కోదాని పక్కన తూటాల పెట్టె.

"ఏంటయ్యా ఇదంతా?"

"కాల్చి చూడు," అన్నాడు హోబర్ట్. "నేను పక్కనే ఉంటాను, నీ వంతు అయ్యేదాకా ఇంకెవరూ కాల్చరు. తొందరేం లేదు, మాకెవరికీ ఇంటిదగ్గర పని లేదు."

సన్నటి తూటాల పొడుగు పిస్తోలు వెన్నంత మెత్తగా పేలింది. చిల్లులన్నీ ఒక్కచోటే పడ్డాయి. కానీ అది ఆమె తొడంత పొడవుంది, బండిలో కూర్చుంటే పొడుచుకుంటుంది, గురికి తప్ప మరి దేనికీ పనికిరాదు. ఒకాయన పెద్ద రివాల్వరు అదురు బాగానే మింగింది గాని ట్రిగ్గరుకు వేలు అందలేదు. మరొకటి నడుముకు హాయిగా ఉంది గాని స్లైడు మళ్లీ మొరాయించింది. లైనుకు బరువు కావాలి, నడుముకు తేలిక కావాలి, కణుపులకు మెత్తన కావాలి. మూడూ ఒక్కదాంట్లో ఎక్కడ దొరుకుతాయి?

అప్పటిదాకా చేతులు కట్టుకుని నిలబడ్డ ఐవా దగ్గి, తన ఒరలోది తీసి, తెరిచి, దుప్పటి మీద పెట్టింది. నల్లటి ప్లాస్టిక్ ఒళ్లు. మరీ చిన్నదీ కాదు, పెద్దదీ కాదు.

"నీదా ఇది? నువ్వెప్పుడు మార్చావే?"

"మీ ఆయన ఉన్నప్పుడే. ప్లాస్టిక్ బొమ్మలంటే ఆయనకు మంటగా. ఆయన అటు తిరిగినప్పుడే ఒరలోంచి తీసేదాన్ని."

డెల్ఫా ఖాళీగా ఉందని చూసుకుని స్లైడు పట్టుకుంది.

"లాగకు," అంది ఐవా. "గొట్టం దిబ్బకేసి ఉంచి, గుండెకు దగ్గరగా పట్టుకో. ఎడంచేత్తో పైభాగాన్ని కదలనివ్వకు. కుడిచేత్తో కిందిది ముందుకు తొయ్యి. బిస్కెట్ల పిండి అరచేతి మడమతో ఎలా నెట్టేదానివి? అలాగే."

నెట్టింది. జారి వచ్చేసింది. లోపలి స్ప్రింగు మెత్తన. డెల్ఫా నమ్మలేక ఇంకోసారి నెట్టింది. హోబర్ట్ ఆమె చేతులకేసి కాదు, గొట్టంకేసే చూస్తున్నాడు.

"తూటా మాత్రం ఆర్బిన్ దానికంటే చిన్నదమ్మా," అన్నాడు. "అది దాచను."

"కాల్చలేని పెద్ద తూటా నాకెందుకులే హోబర్ట్," అంది. ఆర్బిన్ బతికుంటే ఏమనేవాడు? ముక్కు విరిచేవాడు, అది ఖాయం. కానీ గొట్టం దిబ్బను వదిలితే తమ్ముణ్ని కూడా దింపిన మనిషి ఆయన. బొమ్మ అని వెక్కిరించేవాడేమో గాని, తిరిగిన గొట్టాన్ని క్షమించేవాడు మాత్రం కాదు. అది తట్టాక ఆమెకు మనసు తేలికైంది.

డెన్వర్ అలాంటిదే తెప్పించాడు. దాంతోపాటు, మ్యాగజైనులో, అంటే పిస్తోలు పిడిలోకి దూర్చే డబ్బీలో, తూటాలు నింపేటప్పుడు బొటనవేలు నొప్పి పుట్టకుండా చిన్న తొడుగు ఒకటి తన తరఫున ఇచ్చాడు. డెల్ఫా తూటాలు వేరే గదిలో పెట్టి తాళం వేసి, ఖాళీ పిస్తోలుతో రోజూ పొద్దున్నే నేర్చుకుంది. బైబిలు చదువుకోవడం, కాఫీ తాగడం, తర్వాత ఇది. కొన్ని పొద్దులు వేళ్లు వినేవి కావు. ఆ పొద్దుల్లో వేడినీళ్లలో చేతులు ముంచి, ఇంకాసేపు ప్రార్థన చేసుకునేది.

హోబర్ట్‌కు చూపించే శనివారం వచ్చింది. ఆయన టోపీ తీసి ప్రార్థన చేశాడు, మళ్లీ పెట్టుకున్నాడు. డెల్ఫా తన బల్ల దగ్గరికి నడిచింది. లైనంతా చూడనట్టు నటిస్తోంది. ఒకాయన అరగంట నుంచీ ఒకే కళ్లద్దాలు తుడుస్తున్నాడు.

ఐవా తన సంచి తెచ్చి డెల్ఫాకు ఎడమవైపు బల్లమీద పెట్టింది.

"ఐవా, ఆ చివర బల్ల ఖాళీగా ఉంది," అన్నాడు హోబర్ట్.

"అక్కడ ఎండ పడుతుందయ్యా."

"ఇవాళ ఎండెక్కడిది?"

"పడొచ్చుగా," అని ఐవా చెవి మూతలు పెట్టుకుంది. ఇక ఎవరు ఏమన్నా వినపడదు.

డెల్ఫా కూడా చెవి మూతలు సర్దుకుంది. మ్యాగజైను ఎక్కించి, పిస్తోలు గుండెకు దగ్గరగా తెచ్చుకుంది. కణుపులు చురుక్కుమన్నాయి. తొందరపడలేదు. ఎడంచెయ్యి బిగించి, కుడిచెయ్యి ముందుకు నెట్టింది. స్లైడు జారింది, మూసుకుంది. గొట్టం దిబ్బ మీదనుంచి ఇంచైనా కదల్లేదు.

హోబర్ట్ ఆమెకేసి తలూపలేదు, మెచ్చుకోలేదు. లైను మొత్తానికి వినపడేలా, ఎప్పుడూ అనేదే అన్నాడు. "సిద్ధమైతే కాల్చండి." ఆ అందరిలో ఆమె కూడా ఉంది.

ఆమె కాల్చింది. నిదానంగా, ఊపిరి వదులుతూ, మ్యాగజైను ఖాళీ అయ్యేదాకా. లైను చల్లబడ్డాక పిస్తోలు తెరిచి బల్లమీద పెట్టి వెనక్కి జరిగింది. ఇద్దరూ కాగితాల దగ్గరికి నడిచారు. ఐవా వంగి, కళ్లు చికిలించి చూసింది.

"రెండు తూటాలు కాగితానికే తగల్లేదే. ఒకప్పుడు రాణిలా కాల్చేదానివి."

"తగలకపోతే పోనీ," అంది డెల్ఫా. "పోయినవి దిబ్బలోకే పోయాయి."