నుదుటి మీద రే గన్

నేను రాసిన ఒక్క వాక్యం చదివి వేమూరు నుంచి ట్రాక్టర్ నిండా జనం తెనాలి వచ్చి నన్ను వెతికారంటే మీరు నమ్మరు. అభిమానులనుకునేరు! వాళ్లలో సగం మంది చేతుల్లో కర్రలున్నాయి. రాసిన పూట తిరక్కుండానే ఇంతమంది పాఠకుల్ని కదిలించిన రచయిత మా జిల్లాలో మరొకడు పుట్టలేదని నా నమ్మకం.

అప్పట్లో నేను తెనాలిలో ఓ ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు మాష్టారిని. రోజూ రేపల్లె నుంచి రైల్లో వచ్చేవాణ్ణి. వచ్చిన ఇంగ్లీషు కొంచెమే. కానీ కొత్త పెళ్లికొడుకు చేతి వాచీలా దాన్ని పదిమంది కళ్లలో పడేలా తిప్పుతుండేవాణ్ణి.

బాపట్లలో బీఎడ్ చదివే రోజుల్లో 'రే గన్' అనే మాట గురించి ఓ వ్యాసం నా కంటపడింది. వెనకటికి సైన్సు కథలు రాసేవాళ్లు తమ వీరుల చేతికి ఓ తుపాకీ ఇచ్చారట. దానికి గుండూ లేదు, మందూ లేదు. మీట నొక్కితే వెలుతురు కిరణం దూసుకెళ్తుంది, శత్రువు గుప్పెడు బూడిదవుతాడు. అలాంటి తుపాకీ లోకంలో ఎవరూ చేసింది లేదు, పేల్చింది లేదు. పేరు మాత్రం కథల్లోంచి దిగొచ్చి మామూలు ఇంగ్లీషులో కాపురం పెట్టేసింది. తుపాకీలా పట్టుకునే పరికరం ఏది కనపడినా ఇంగ్లీషువాళ్లు సరదాగా అలా అంటారట. ఆ 'సరదాగా' దగ్గర నేను ఓ క్షణం ఆగాల్సింది. ఆగితే నేనెందుకవుతాను? ఈ మాట ఎక్కడో ఒకచోట వాడి తీరాలని కొంగలా కాచుక్కూచున్నాను.

కరోనా తగ్గి బడులు తెరిచేటప్పుడు ఆ చేప దొరికింది. గేటు దగ్గర పిల్లల నుదుటికి ఎదురుగా పట్టి జ్వరం చూసే పరికరం కొన్నారు. ఆ సంగతి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. ప్రిన్సిపాల్ ఎస్తేరు మేడం నన్ను పిలిచారు.

"మాష్టారూ, జ్వరం చూసి లోపలికి పంపిస్తామని రెండు ముక్కలు రాసి పెట్టండి. తెలుగులో అయినా పర్లేదు."

"తెలుగులోనా! మనది ఇంగ్లీషు మీడియం కదండి. పేరెంట్స్ ఏమనుకుంటారు మేడం?"

ఆవిడ తగ్గిపోయారు. తగ్గరా మరి! నోటీసు అర్థమైతే పరువు పోయిందనీ, అర్థం కాకపోతే పిల్లకి మంచి చదువు దొరికిందనీ అనుకునే రోజులు.

అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడట. నాకు ఒక్క మాట దొరికితే చాలు, పట్టపగలే గొడుగు తిరగేసి పట్టాను. "సోమవారం నుంచి ప్రతి విద్యార్థినీ గేటు దగ్గర నుదుటి మీద రే గన్‌తో షూట్ చేస్తాం. ఆ తర్వాతే లోపలికి అనుమతి. పేరెంట్స్ సహకరించగలరు" అని చక్కటి ఇంగ్లీషులో రాశాను. మేడం చూశారు. రే గన్ అంటే ఏంటని అడిగితే తెలీదని తెలిసిపోతుందనుకున్నారో ఏమో, "గ్రాండ్‌గా ఉందండి" అన్నారు.

ఆదివారం సాయంత్రం గ్రూపులో పెట్టాను. బొటనవేళ్లు వరసగా లేచాయి. ఒకరు 'నైస్ సార్' అన్నారు. ఇంకొకరు రెండు చేతులూ జోడించారు. తమ పిల్లల్ని కాలుస్తామంటే దణ్ణం పెట్టిన తల్లిదండ్రులు ప్రపంచంలో మావాళ్లే!

వేమూరులో వ్యవసాయం చేసుకునే సుబ్బారావు గారు మాత్రం దణ్ణం పెట్టలేదు. ఆయన మనవరాలు లాస్య మా దగ్గర మూడో తరగతి. ఆయన ఫోన్లో అనువాదం మీట నొక్కి, వచ్చిన తెలుగును గ్రూపులో పడేశారు: "ప్రతి విద్యార్థి గేటు వద్ద నుదుటిపై కిరణ తుపాకీతో కాల్చబడతాడు. అనంతరం లోపలికి అనుమతించబడతాడు."

ఆ రాత్రి హాయిగా నిద్రపోయినవాణ్ణి నేనొక్కణ్ణే.

పొద్దున్నే స్టేషన్లో దిగేసరికి మేడం ఫోను. "త్వరగా రండి" అన్నారంతే. ఎండలో పరుగెత్తాను. గేటు ముందు ట్రాక్టర్, దాని చుట్టూ జనం.

"ఎవరయ్యా ఆ ఇంగ్లీషు సారు?" అన్నారు సుబ్బారావు గారు.

"నేనేనండి బాబాయ్ గారూ."

"హోంవర్కు చెయ్యకపోతే రెండు తిట్టాలి గానీ, పసిదాన్ని కాలుస్తారంటయ్యా?"

"కాల్చడం కాదండి, షూట్..."

"షూట్ అంటే ఏంటి?"

"షూట్ అంటే... కాల్చడమేననుకోండి."

"చూశారా! ఒప్పేసుకున్నాడు!"

"అది నిజం తుపాకీ కాదండి. కథల్లో తుపాకీ. అసలు లోకంలో లేదు."

"లేని తుపాకీతో ఎట్టా కాలుస్తావయ్యా?"



వెనకనుంచి ఓ పెద్దావిడ, "కాలిస్తే కాల్చారు, బొట్టు పెట్టుకునే చోటే ఎందుకంట?" అని గద్దించింది.

చెప్పేకంటే చూపించడం మేలని నా బుర్రకి తోచింది. ఆఫీసులోకి పరుగెత్తి పరికరం తెచ్చి, చెయ్యి చాచి, జనం వైపు పట్టాను. మీరే చెప్పండి, ఇంతకంటే తెలివితక్కువ భంగిమ ఉంటుందా? "తుపాకీ తెచ్చాడ్రో!" అని ఎవరో అరిచారు. జనం ట్రాక్టర్ వెనక్కి పోయారు.

మేడం పరుగున వచ్చి నా చేతిలోది లాక్కున్నారు. "ఇది జ్వరం చూసే మిషనండి. అంతే!"

ఒక్కసారిగా అంతా చల్లబడిపోయింది.

"ఆ ముక్క నిన్ననే చెప్పొచ్చుగా అమ్మా!" అన్నారు సుబ్బారావు గారు కర్ర దించుతూ. "అయినా ముందు ఈ సారు మీద పెట్టి చూపించండి. మా పిల్ల సంగతి తర్వాత."

మేడం నా నుదుటి మీదకి గురిపెట్టారు. స్టేషన్ నుంచి ఎండలో పరుగు, పైన భయం. కుయ్యిమంటూ ఎర్రలైటు వెలిగింది.

"జ్వరం!" అన్నారు మేడం రెండడుగులు వెనక్కేసి.

"ఎండకండి మేడం! పరుగెత్తి వచ్చా..."

"రూలు రూలేనండి. రెండు వారాలు ఇంటి దగ్గరుండండి."

పిల్లలందరూ నుదుళ్లు చాపి, కిలకిలా నవ్వుకుంటూ లోపలికి వెళ్లారు. గేటు బయట మిగిలింది నేనొక్కణ్ణే. సుబ్బారావు గారు ట్రాక్టర్ ఎక్కుతూ నా వైపు చూసి మేడంతో అన్నారు:

"మంచి తుపాకీనే అమ్మా. కాల్చాల్సినవాణ్ణే కాల్చింది."

రేపల్లె రైలు కోసం ప్లాట్‌ఫారం మీద నిలబడి, తూర్పు దిక్కుకి తిరిగి, సూర్యుడి సాక్షిగా ఘోర ప్రతిజ్ఞ చేశాను. ఇక ఈ జన్మలో నోటీసంటూ రాస్తే తెలుగులోనే రాస్తాను. జ్వరాన్ని జ్వరమనీ, మిషన్ను మిషననీ అంటాను. ఇంగ్లీషు మీడియం పరువు పోతే పోనీ. ఇది నా ఒట్టు.

'ఒట్టు'కి ఇంగ్లీషులో ఓ అద్భుతమైన మాట ఉంది. చెప్పను.