కారు రెక్క, హన్నమ్మ ముక్కు

తిరువూరులో మధిర రోడ్డు మీద ఉన్న హన్నమ్మ వైండింగు షాపుకు బోర్డు ఉండేది కాదు. మోటారు కాలినవాడు ఎక్కడున్నా వెతుక్కుంటూ వస్తాడు, కాలనివాడితో తనకు పనేంటి అనేది ఆమె.

ఆ షాపు ఆమె భర్త జోజప్పది. జోజప్ప మంచి పనివాడే కానీ మాటకారి. కాలిన మోటారుకు కొత్త రాగితీగ చుడుతూ కబుర్లలో పడితే ఎన్ని చుట్లు వేశాడో మరిచిపోయేవాడు. అందుకని హన్నమ్మ ఎదురుగా కూర్చుని చుట్లు పైకి లెక్కపెట్టేది. అలా లెక్క పెడుతూ పెడుతూ పనంతా నేర్చుకుంది. తొంభై ఎనిమిదిలో జోజప్ప పచ్చకామెర్లతో పోయాడు. నెల తిరక్కముందే విస్సన్నపేట నుంచి ఒక పెద్దమనిషి వైండింగు మిషను బేరమాడటానికి వచ్చాడు. ఆడమనిషి దీనితో ఏం చేసుకుంటుందని జాలి కూడా పడ్డాడు. మూడు హెచ్‌పీ మోటారుకు ఒక్కో గాడిలో ఎన్ని చుట్లు వేస్తారో చెప్పమని హన్నమ్మ అడిగింది. అతను నీళ్లు నమిలాడు. మిషను కొంటే పని కూడా దాంతోపాటు వస్తుందనుకున్నారా అని అతన్ని సాగనంపి, మర్నాటి నుంచి తనే షాపు తెరిచింది.

ఆమెవి రెండు పేరుపడ్డాయి, ముక్కూ నోరూ. కాలిన మోటారు మూత తీసి ఒకసారి వాసన చూస్తే చాలు, ఎందుకు కాలిందో చెప్పేసేది. చెప్పడం మాత్రం మెత్తగా ఉండేది కాదు. కరెంటు చాలక స్టార్టరు పదేపదే పడిపోతుంటే రైతులు అది పడకుండా పుల్ల దోపి మోటారు నడిపించేవాళ్లు. అది పొగలు కక్కాక భుజాన వేసుకుని వచ్చి, ఊరికే ఆగిపోయిందమ్మా అనేవాళ్లు. మీ ఇంట్లో ఎవరికైనా ఊపిరాడకపోతే ముక్కులో కూడా పుల్ల దోపుతారా అని ఆమె అడిగేది. గంపలగూడెం నుంచి వచ్చిన ముసలి రైతయినా, మిల్లు యజమానయినా ఒకటే వరస. "అండి" అనే మాట మాత్రం ఎప్పుడూ వదిలిపెట్టేది కాదు. తిట్టు తిట్టే, మర్యాద మర్యాదే.

రెండువేల ఆరులో వెంకటప్పయ్య కారు కొన్నాడు. ఈయన తండ్రి ఎ.కొండూరు వైపు మామిడితోటలు వేశాడు, ఈయన పత్తి మిల్లు పెట్టాడు. ఇంట్లో ఆరుగురు మనుషులు. కొన్న కారులో ఇద్దరు పడతారు. వెనక సీటంటూ ఒకటుంది కానీ అందులో కొబ్బరికాయల సంచీ పడుతుంది, మనిషి పట్టడు. బొంబాయిలో ఎవరో వాడి వదిలేసిన విదేశీ కారది. పొట్ట నేలకు జానెడు ఎత్తున ఉంటుంది. ఊళ్లో స్పీడుబ్రేకరు వచ్చినప్పుడల్లా డ్రైవరు సీతారామారావు దిగి, డిక్కీలోంచి రెండు చెక్కలు తీసి చక్రాల కింద పరిచేవాడు. దొరగారి కారు చెక్కల మీదుగా గట్టు దిగే ఆవులా దిగేది.

దాని గొప్పంతా వెనక ఉన్న రెక్కలో ఉంది. కంపెనీ కాగితాల్లో స్పాయిలరు అని రాశారు, తిరువూరు వాళ్లు రెక్క అన్నారు. కారు గంటకు నూట ఇరవై కిలోమీటర్ల వేగం అందుకోగానే అది తనంతట తనే పైకి లేస్తుంది. గాలికి కారు తేలిపోకుండా రోడ్డుకు అదిమి పెడుతుంది. వేగం తగ్గితే మళ్లీ ముడుచుకుంటుంది. వెంకటప్పయ్య ఏనాడూ అరవై దాటి తోలినవాడు కాదు. అయితే సీటు పక్కన ఒక స్విచ్చి ఉంది, అది నొక్కితే నిలబడ్డ కారుకు కూడా రెక్క లేస్తుంది. ఆయనకు అది చాలు. బస్టాండు ఎదురుగా కాఫీ హోటలు ముందు కారు ఆపి, జనం చూసేదాకా ఆగి, నొక్కేవాడు. రెక్క లేచేది. ఒకసారి హన్నమ్మ అటుగా వెళ్తూ చూసింది. కోడిపుంజు ఇంతకన్నా నయం, రెక్క విప్పితే కనీసం కూత కూస్తుందని పక్కనున్న హోటలువాడితో అంది. ఆ మాట సాయంత్రానికల్లా వెంకటప్పయ్య చెవిన పడింది.

ఆరు నెలలు తిరిగేసరికి రెక్క సగం లేచి ఆగిపోయింది. హైదరాబాదు కంపెనీ వాళ్లను అడిగితే సెట్టంతా మార్చాలి, బయటి దేశం నుంచి రావాలి, మూడు నెలలు పడుతుందన్నారు. పది రోజుల్లో విస్సన్నపేటలో వియ్యాలవారి పెళ్లి ఉంది. ముడుచుకోని, విచ్చుకోని రెక్కతో పెళ్లికి వెళ్లడం కంటే మానుకోవడం నయమనుకున్నాడు వెంకటప్పయ్య. చివరికి మనసు చంపుకుని సీతారామారావును హన్నమ్మ దగ్గరికి పంపాడు.

"ఒకసారి వచ్చి బండి చూడక్కా" అన్నాడు సీతారామారావు.

"బండిని చూసేవాళ్లు ఊళ్లో చాలామంది ఉన్నారుగా. నాకు మోటారు చాలు, ఊడదీసి పట్రా."

పట్టుకొచ్చాడు. పిడికెడు మోటారు, లారీ వైపరు మోటారుకు తమ్ముడిలా ఉంది. హన్నమ్మ మూత తీసి వాసన చూసింది. తీగ మీది వార్నిషు మాడిన కంపు గుప్పుమంది. తెరిపి లేకుండా పనిచేయించిన మోటారు వాసన అది, ఆమెకు ఇరవై ఏళ్లుగా తెలుసు. కాఫీ హోటలు ముందు ఎన్నిసార్లు నొక్కితే ఇంత మాడుతుందో తలుచుకుని నవ్వుకుంది. ఇంకేమీ అడగలేదు. రెండు రోజులు కళ్లద్దాలు పెట్టుకుని వెంట్రుకంత తీగతో చుట్టింది. ఆమె చేసిన సన్నపనుల్లో అదే పెద్దది. సీతారామారావు తీసుకెళ్లి బిగించి చూస్తే రెక్క చక్కగా లేచింది, దిగింది. దాన్ని కాలింగు బెల్లులా నొక్కవద్దని మీ అయ్యగారికి చెప్పు అని అతనితోనే కబురు పంపింది.

పెళ్లిరోజు విస్సన్నపేటలో మండపం ముందు, వియ్యాలవారందరూ చూస్తుండగా, రెక్క బెత్తెడు లేచి ఆగింది. సన్నగా పొగ వచ్చింది.

మర్నాడు వెంకటప్పయ్యే ఆ మోటారు పట్టుకుని స్వయంగా వచ్చాడు. లోపలికి రాలేదు, రోడ్డు మీదే నిలబడ్డాడు. రిపేరు చేశాక తను స్విచ్చి ముట్టుకోలేదనీ, పెళ్లి దగ్గర నొక్కిందే మొదటిసారనీ చెప్పాడు. హన్నమ్మ చేతిలో మోటారు తిప్పి చూస్తూ విన్నది.

"ఒక్కసారి నొక్కితే ఇట్టా మాడదండి. ఇక్కడికి వచ్చే ప్రతి రైతూ పుల్ల దోపలేదనే చెబుతాడు."

వెంకటప్పయ్య ముఖం నల్లబడింది. "పంపుసెట్లు చుట్టుకునే చోటికి తేవడం నాదే తప్పు" అని వెళ్లిపోయాడు.

ఆ మాట ఆమెకు గుచ్చుకుంది. తలుపు దగ్గరికి వేసి మోటారు విప్పింది. చుట్టిన తీగంతా విడదీసి మళ్లీ లెక్కపెట్టింది. ఒక్క చుట్టు తేడా లేదు, ఎక్కడా తీగ గీసుకుపోలేదు. అయితే ఆయనే అబద్ధమాడుతున్నాడని తేల్చుకుని ఊపిరి పీల్చుకుంది.

రెండో రోజు పొద్దున వెంకటప్పయ్య భార్య ప్రమీలారాణి రిక్షా దిగి షాపులోకి వచ్చింది. హన్నమ్మ ఆమెను కారులో ముందు సీట్లో చూడటమే గానీ మాట్లాడింది లేదు. పట్టుచీర, ఒళ్లో బ్యాగు, ముఖంలో ఏమీ లేదు. ఆయన కొన్న సామాన్లలో ఇదొకటి అనుకునేది. ఇప్పుడు ఆ సామాను స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఆయన అబద్ధం చెప్పలేదు హన్నమ్మా. పెళ్లికి ముందురోజు కారు తోలింది నేను."

హన్నమ్మ చేతిలో పని ఆపింది. ప్రమీలారాణి ఏ మెలికా లేకుండా చెప్పుకుపోయింది. భర్త మిల్లు పని మీద గుంటూరు వెళ్లినప్పుడల్లా తెల్లవారుతుండగా సీతారామారావును పక్కన కూర్చోబెట్టుకుని, ఎ.కొండూరు వైపు రోడ్డు ఖాళీగా ఉన్నచోట తోలుతుందట. నాలుగు నెలలుగా ఇదే వరస. నూట ఇరవై దాటించి రెక్క దానంతట అది లేవడం చూసింది ఆ ఇంట్లో ఆమె ఒక్కతే.

"రెక్క లేచాక కూడా జుంయ్‌మని శబ్దం వస్తూనే ఉంది. మొదట్లో అట్టా ఉండేది కాదు, లేవగానే ఆగిపోయేది. మోటారు మొదటిసారి కాలకముందు కూడా ఇదే శబ్దం విన్నాను. చెబితే నేను తోలుతున్నానని బయటపడుతుందని ఊరుకున్నా."

"ఎంతసేపు వచ్చిందండీ శబ్దం?"

"వేగం తగ్గించేదాకా. ఐదారు నిమిషాలు ఉంటుంది."

హన్నమ్మకు అంతా అర్థమైంది. రెక్క పైకి చేరాక మోటారును ఆగమని చెప్పేవాడు లేడు. కదలని గోడను తోస్తున్నట్టు అది అలా తోస్తూనే ఉండి లోపల్లోపల మాడింది. పెళ్లి దగ్గర వెంకటప్పయ్య ఒక్కసారి నొక్కగానే మిగిలిన ప్రాణం కూడా పోయింది. సీతారామారావు బండి చూడమన్నప్పుడు చూసి ఉంటే అరగంటలో తెలిసేది. తను వెక్కిరించడానికి తొందరపడి, వాసన దగ్గరే ఆగిపోయింది. ఈ పని ఇంకెవరైనా చేసి ఉంటే వాళ్లను ఏమని తిట్టేదో ఆమెకు బాగా తెలుసు. ఆ తిట్లన్నీ లోపలే తిట్టుకుని, స్క్రూడ్రైవరూ టార్చీలైటూ తీసుకుని బయల్దేరింది.

వెంకటప్పయ్య ఆమెను షెడ్డులోకి రానివ్వడానికి ఇష్టపడలేదు. చూసుకోనివ్వండి, పోయేదేముందని ప్రమీలారాణి అంది. హన్నమ్మ రెక్క కిందికి దూరి చేతులు పెట్టి వెతికింది. రెక్క పైకి వచ్చే చోట గోరంత స్విచ్చి ఒకటి దొరికింది. రెక్క వచ్చి దాన్ని నొక్కితే మోటారు ఆగాలి. ఆ స్విచ్చి కదలడం లేదు. దాని చుట్టూ జిగురు గడ్డకట్టి ఉంది, అందులో ఎర్రటి కుంకుమ, చచ్చిన చీమలు. వేలితో గీరి వాసన చూసింది. ఈసారి ముక్కు తప్పు చెప్పలేదు.

"కారుకు పూజ చేయించినప్పుడు రెక్క ఎత్తారాండి?"

సీతారామారావు చెప్పాడు. రెక్కకు కూడా బొట్టు పెట్టాలని అయ్యగారే ఎత్తించారనీ, కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్లు తన చేత్తోనే దాని మీద పోశారనీ.

హన్నమ్మకు నవ్వు వచ్చింది కానీ ముందు చెప్పాల్సింది చెప్పింది. "మీరు స్విచ్చి నొక్కలేదన్న మాట నిజమేనండి. నేను నమ్మకపోవడం తప్పు."

"నీకెట్టా తెలిసింది?" అన్నాడాయన.

"మోటారు చెప్పింది" అంది హన్నమ్మ, ప్రమీలారాణి వైపు చూడకుండా. "కొబ్బరినీళ్లు మాత్రం మీరే పోశారు."

స్విచ్చి ఊడదీసి పాత బ్రష్షుతో, పెట్రోలుతో కడిగింది. టిక్కుమంటూ ఆడింది. మోటారు మళ్లీ చుట్టి మూడో రోజున బిగించింది. సీటు పక్కన నొక్కితే లేచి ఆగింది, దిగి ఆగింది. అయినా ఒప్పుకోలేదు. చక్రాల వేగం తెలుసుకుని దానంతట అది లేస్తుందో లేదో, లేచాక శబ్దం ఆగుతుందో లేదో రోడ్డు మీదే తేలాలి, ఎవరైనా నూట ఇరవైలో తోలితే తను పక్కన కూర్చుని వింటానంది. వెంకటప్పయ్య ఎండ ఎక్కువగా ఉందన్నాడు. రోడ్డు బాగాలేదన్నాడు. డ్రైవరును తోలమన్నాడు. నాది లారీ తోలిన చెయ్యి, ఈ వేగం నావల్ల కాదని సీతారామారావు తల దించుకున్నాడు.

"నేను తోల్తాను" అంది ప్రమీలారాణి.

వెంకటప్పయ్య పెద్దగా నవ్వాడు. ఆమె గోడకున్న తాళాలు తీసుకుని, చెప్పులు విడిచి, కారులో కూర్చుని స్టార్టు చేసింది. గేటులోంచి వెనక్కి తీసిన తీరు చూసేసరికి ఆయన నవ్వు ఆగిపోయింది.

ఊరు దాటాక కారు పరుగందుకుంది. హన్నమ్మ జీవితంలో అంత వేగం ఎరగదు. ఒక చేత్తో తలుపు పట్టుకుని, కళ్లు మూసుకుని, చెవులు మాత్రం వెనక్కి పెట్టింది. జుంయ్‌మంది. నాలుగు లెక్కపెట్టేలోపు ఆగింది. గాలి హోరు తప్ప ఇంకేం లేదు. వేగం తగ్గాక మళ్లీ మోగి మళ్లీ ఆగింది.

"ఈ రెక్క లేకపోతే నిజంగా తేలిపోతామాండి?" అని అడిగింది.

"మనలాంటి రోడ్ల మీద దాని అవసరం రాదనుకుంటా" అంది ప్రమీలారాణి. "కానీ లేస్తే బాగుంటుంది."

హన్నమ్మ దానికి ఏ వెటకారమూ చేయలేదు.

హైదరాబాదు కంపెనీ నుంచి ఇంజనీరు వచ్చి బాగుచేసి వెళ్లాడని వెంకటప్పయ్య ఊరంతా చెప్పుకున్నాడు. భార్య కారు తోలిన సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. హోటలువాడు వచ్చి ఇంజనీరు సంగతి అడిగితే, అవును, నేను చూశాను, నల్లగా పొట్టిగా నా అంతే ఉంటాడంది హన్నమ్మ. మరుసటి వేసవిలో వెంకటప్పయ్య ఆ కారు అమ్మేసి, ఆరుగురు పట్టే బండి కొన్నాడు. దాన్ని తరచుగా ప్రమీలారాణే తోలుకుని గంపలగూడెం పొలానికి వెళ్లేది.

హన్నమ్మ మాత్రం ఒక పద్ధతి మార్చుకుంది. అప్పటి నుంచి ఎవరు కాలిన మోటారు తెచ్చినా, బావి దగ్గరికి వచ్చి చూస్తే గానీ చుట్టననేది. పాత మోపెడ్డు ఒకటి కొనుక్కుంది. రైతులు దీన్నేమీ ఇష్టపడలేదు. ఇన్నాళ్లూ ఆ తిట్లు షాపులో నలుగురి ముందు పడితే సరిపోయేది. ఇప్పుడు ఆమె పొలానికి వచ్చి, కూలీల ముందు, భార్యాబిడ్డల ముందు తిడుతోంది. తిట్టేముందు మాత్రం గట్టు మీద కూర్చుని, మోటారు ఎట్టా ఆగిందో, అంతకుముందు ఏం శబ్దం వచ్చిందో, నీళ్లు కట్టే ఆడవాళ్లను కూడా పిలిచి ఓపిగ్గా అడిగి తెలుసుకునేది.