మా నాన్న చెప్పిన రష్యన్ సినిమా

ఆడపిల్ల పుట్టింటి పరువు నిలబెట్టాలంటారు. దుబాయ్‌లో నేను దాన్ని నిలబెట్టబోయి, కన్నతండ్రి కళ్ళముందే నేలకేసి కొట్టాను. వినండి, నవ్వుకోండి, కానీ మావారికి మాత్రం గుర్తుచెయ్యకండి.

మా నాన్న ఒకప్పుడు విశాఖలో రష్యా ఇంజనీర్ల దగ్గర జీపు డ్రైవరు. వాళ్ళు వెళ్ళిపోతూ ఓ వీడియో క్యాసెట్ ఇచ్చారు. వాళ్ళ దేశపు పాత నవలని సినిమాగా తీశారట. దసరా సెలవులొస్తే మా వీధి పిల్లలందరికీ అదే పండగ. మంచులో మునిగిన ఊరు, పిసినారి ముసలాయన, ఆయన పంచన చేరిన అనాథ పిల్ల. మాకు ఒక్క ముక్క అర్థం కాదు కాబట్టి నాన్నే ప్రతి మాటా తెలుగులో చెప్పేవాడు. బొచ్చుటోపీ ఆవిడ ముసలాయన చెల్లెలు, ఇద్దరికీ జీడితోట గట్టు తగాదా. పిల్లకి జ్వరమొస్తే ముసలాయన పాడిగేదెని అమ్మేస్తాడు. గేదె తెరమీద ఎప్పుడూ కనిపించలేదు. అయినా దానికోసం అందరం ఏడ్చేవాళ్ళం.

మావారిది వరంగల్. పెళ్ళైన నాటినుంచీ నేనీ గేదె కథ చెప్పినప్పుడల్లా ఒకటే ఎత్తిపొడుపు: "మీ నాయినకు రష్యన్ వస్తదంటే నమ్మాల్నా?"

నాన్న విజిట్ వీసా మీద అల్ కుసైస్‌లోని మా ఫ్లాట్‌కి వచ్చాడు. అదే సమయానికి ఆ సినిమా నెట్‌లో దొరికింది. మా ఆఫీసులో ఇరీనా అనే రష్యన్ అమ్మాయి ఉంది. మావారి నోరు శాశ్వతంగా మూయించేద్దామని ఈద్ సెలవుల్లో ఆమెను భోజనానికి పిలిచేశాను.

నాన్న ముఖం వాడిపోయింది. "పరాయి పిల్లనెందుకమ్మా ఇబ్బంది పెట్టడం? నాకు గొంతు కూడా బాగోనేదు," అన్నాడు. మొహమాటమనుకుని మిరియాల పాలు కాచి ఇచ్చాను. ఇరీనా వచ్చి రష్యన్‌లో పలకరిస్తే, ఆయన మౌనంగా నమస్కారం పెట్టాడు. ఏం హుందాతనమో అని మురిసిపోయాను.

సినిమా మొదలైంది. తప్పక నాన్నా మొదలుపెట్టాడు. గట్టు తగాదా రాగానే మావారివైపు గర్వంగా చూసి, నాన్న చెప్పిందంతా ఇరీనాకి ఇంగ్లీషులో వినిపించాను. బిర్యానీ పొరబోయి ఆమె దగ్గింది. అక్కడ తోటా లేదు, చెల్లెలూ లేదట. టోపీ ఆవిడ తనని పెళ్ళి చేసుకోమని ముసలాయన్ని బతిమాలుతోందట.

మావారు ప్లేటు పక్కన పెట్టి, చాలా నెమ్మదిగా అడిగారు: "మరి బర్రె?"

బర్రె కూడా లేదు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను రచ్చనే ఇంటికి పిలిచి, బిర్యానీ పెట్టి మరీ ఓడిపోయాను. నాన్న తల వంచుకోవడం చూసి నా ప్రాణం ఉసూరుమంది. మమ్మల్ని నవ్వించడానికీ ఏడిపించడానికీ ఏటా ఆ మనిషి ఎంత కష్టపడ్డాడో అప్పుడు తెలిసింది. రష్యన్ వచ్చిన తండ్రికంటే ఈయనే నాకు ఎక్కువ ముద్దొచ్చాడు.

ఇరీనా గడుసుది. బళ్ళో ఆ నవల బలవంతంగా చదివించారట, పరమ విసుగట. గేదె సంగతి చెప్పమంటూ నాన్న పక్కకి జరిగింది. నాన్న గొంతు ఇట్టే బాగుపడింది. గేదె అమ్ముడయ్యేసరికి ఆమె ముక్కు తుడుచుకుంది. మావారు కళ్ళు తుడుచుకున్నారు, నవ్వీ నవ్వీ అని ఆయన వాదన.

ఆమె వెళ్ళాక నాన్న నన్ను వంటింట్లోకి పిలిచి, మెల్లిగా అన్నాడు: "మంచి పిల్లేనమ్మా. రష్యనే సరిగ్గా రానట్టుంది, పాపం."

ఆరిపోయిన స్టవ్ మీద చెయ్యివేసి అప్పటికప్పుడే ప్రమాణం చేశాను. మా నాన్నకి వచ్చిన ఏ భాషనీ, ఈ జన్మలో, ఆ భాష వచ్చినవాళ్ళకి వినిపించను.