చిన్న మేడం పిస్తోలు, మా ఇద్దరి మణికట్లు

కువైట్‌లో, సల్వా అనే పేటలో నేను పనిచేసిన ఇంట్లో ఉండేది ఇద్దరే. భర్త పోయిన పెద్దావిడ, పెళ్లి వద్దనుకున్న ఆవిడ కూతురు. పెద్దావిడను అక్కడి పద్ధతిలో మామా అనేదాన్ని. కూతురు బళ్లో లెక్కలు చెప్పేది. ఆవిడను నేను చిన్న మేడం అనేదాన్ని.

చిన్న మేడం సాయంత్రాలు షూటింగ్ క్లబ్బుకు వెళ్లి గాలి పిస్తోలు కాల్చేది. కందిగింజంత సీసపు గుండు, గోడ దగ్గర కాగితపు గురి. చిన్నప్పుడు వాళ్ల నాన్న, ఆవిడ మాటల్లో బాబా, నేర్పిన ఆట అది. మామాకు మాత్రం అస్సలు గిట్టదు. ఇరాకీ సైన్యం వీధుల్లో తిరిగిన రోజుల్లో ఆ ఇంట్లోనే తలుపులు బిగించుకుని బతికిన మనిషి. పిస్తోలు పెట్టె హాల్లో కనిపిస్తే మొహం తిప్పుకుని లోపలికి వెళ్లిపోయేది.

ఒక శీతాకాలం చిన్న మేడం చేతిలోంచి టీ గ్లాసులు జారిపోవడం మొదలైంది. పొద్దున్న లేస్తే వేళ్లు తిమ్మిరి, మణికట్టులో సూదులు గుచ్చినట్టు నొప్పి. డాక్టరు చూసి కార్పల్ టనెల్ సిండ్రోమ్ అన్నాడు. మణికట్టులో నరం నలిగిపోతోందని, పడుకునేటప్పుడు చేతికి పట్టీ కట్టుకోవాలని, కొన్నాళ్లు పిస్తోలు ముట్టుకోవద్దని చెప్పాడు.

"ఖలాస్! దేవుడే వద్దన్నాడు. ఇంక మానెయ్," అంది మామా.

చిన్న మేడం గదిలోకి వెళ్లిపోయింది. నేను టీ తీసుకెళ్తే కిటికీ దగ్గర కూర్చుని కళ్లు తుడుచుకుంటోంది. "ఆ గురి ముందు నిలబడితే బాబా నా వెనకాలే ఉన్నట్టుంటుంది. అమ్మకు ఎలా చెప్పను?" అంది. తర్వాత తన వేళ్లు చూపిస్తూ, బొటనవేలు, దాని పక్క రెండు వేళ్లు మొద్దుబారతాయనీ, చిటికెన వేలికి మాత్రం ఏమీ కాదనీ చెప్పింది.

నా చేతులూ అచ్చం అలాగే ఉన్నాయి. గుడ్డలు పిండీ, పిండి పిసికీ నీరసం వచ్చిందనుకున్నాను. పనిమనిషికి చేతులు పోయాయని తెలిస్తే టిక్కెట్టు కొని విమానం ఎక్కించేస్తారన్న భయంతో నోరు మెదపలేదు.

కొన్ని వారాలకు నొప్పి తగ్గింది. మణికట్టు వంచకుండా, బలం పెట్టకుండా కాల్చగలిగితే కాల్చుకోవచ్చని డాక్టరు ఒప్పుకున్నాడు. పాత పిస్తోలుకు గుండు గుండుకీ మీట లాగి గాలి ఎక్కించాలి. ఆ లాగుడే చేతిని చంపేది. అందుకని వేరేది ఎంచుకోవడానికి బయలుదేరుతూ నన్నూ తోడు రమ్మంది.

క్లబ్బులో పిస్తోళ్లు బాగుచేసే పెద్దాయన ఒక లెబనాన్ మనిషి. బల్ల మీద వరసగా పెట్టాడు. చిన్న మేడం ముందు ఒక పొడుగాటిదాన్ని ముచ్చటపడి ఎత్తింది. కాసేపటికే ముందు బరువుకు మణికట్టు కిందికి వాలిపోయింది, పెదవి కొరుక్కుంది.

"అందం చూడకు తల్లీ, చేతిని అడుగు," అంటూ ఆయన కాస్త పొట్టిదాన్ని ఇచ్చాడు. దీనికి మీట లాగే పని లేదు, గాలి నింపిన గొట్టం అడుగునే ఉంటుంది. "కళ్లు మూసుకుని ఎత్తు. ఇప్పుడు తెరువు."

కళ్లు తెరిచేసరికి చెయ్యి ఏమాత్రం వంకర లేకుండా గురికి తిన్నగా ఉంది. ఎన్నాళ్లకో ఆవిడ నవ్వింది. ఆయన చెక్కపిడి విప్పి, ఆవిడ అరచేతికి సరిపోయేలా ఆకురాయితో అరగదీశాడు. ఆ పిడిని చిన్న మేడం నా చేతిలో పెట్టింది, "చూడు, ఎంత తేలికో!" అంటూ.

అది నా వేళ్లలోంచి జారి కింద పడింది.

"నీకూనా?" అంది.

"లేదు మేడం, చెయ్యి తడిగా ఉంది."

ఆవిడ నా చెయ్యి పట్టుకుని మణికట్టు మీద వేలితో మెల్లగా తట్టింది. వేళ్లలోకి కరెంటు కొట్టినట్టయింది. చెయ్యి వెనక్కి లాక్కున్నాను. ఏడుపు ఆగలేదు.

తిరిగి వచ్చేటప్పుడు చిన్న మేడం ఫోనులో మాట్లాడుతుంటే, కడప నుంచి వచ్చిన మా డ్రైవరు అద్దంలోంచి నన్ను చూశాడు. "ఏందక్కా, ఎందుకట్ల ఏడుస్తాండావ్?"

"చేతులు పాడైపోయాయని తెలిసిపోయింది తమ్ముడూ. ఇంక ఇంటికి పంపేత్తారు."

"ఆయమ్మ అట్లాంటిది కాదులేక్కా. నువ్వు కండ్లు తుడ్సుకో."

ఇంటికి రాగానే చిన్న మేడం మామాకు చెప్పేసింది. నేను వంటింట్లో గుడ్డ పిండుతూ నిలబడ్డాను. మామా వచ్చి ఆ తడిగుడ్డ నా చేతిలోంచి లాక్కుంది.

"ముందే ఎందుకు చెప్పలేదు? నేనేమైనా రాక్షసినా?" అని కోప్పడింది. మర్నాడు నాకూ ఒక పట్టీ వచ్చింది.

ఆ తర్వాత పొద్దున్నే మేమిద్దరం వంటింటి బల్ల దగ్గర కూర్చుని, డాక్టరు చెప్పినట్టు వేళ్లు ముడిచి తెరిచేవాళ్లం. మామా ఎదురుగా కుర్చీ వేసుకుని, "యల్లా, కానివ్వండి, మళ్లీ!" అంటూ బడిపిల్లల్లా చేయించేది. చిన్న మేడం మళ్లీ కాల్చడానికి వెళ్లిన మొదటి రోజు మామా కూడా మాతో వచ్చింది. లోపలికి రాలేదు. కారులో కూర్చుని జపమాల తిప్పుకుంటూ ఉంది. కూతురు తిరిగి రాగానే, "చెయ్యి నొప్పి పుట్టిందా?" అని మాత్రం అడిగింది.

"లేదమ్మా."

"హందులిల్లా, దేవుడి దయ," అంటూ కూతురి మణికట్టు తన ఒళ్లోకి తీసుకుని దారి పొడుగునా నిమురుతూనే ఉంది.

నా చెయ్యి మాత్రం పట్టీతో లొంగలేదు. వేసవిలో చిన్న ఆపరేషన్ చేయించారు. కట్టుతో ఇంటికి వచ్చాక నా తల నేను దువ్వుకోలేకపోయాను. చిన్న మేడం నన్ను ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి జడ వేయబోయింది. పాయలు కుదరలేదు, జడ ఒక పక్కకు పోయింది. మామా చూసి విసుక్కుని, దువ్వెన లాక్కుని, నూనె రాసి తనే మొదటినుంచి అల్లింది.

దేశం దాటాక నా తల మీద ఎవరూ చెయ్యి వెయ్యలేదు. ఆవిడ వేళ్లు మాడు మీద తగులుతుంటే కళ్లు మూసుకున్నాను. తల్లీకూతుళ్లు నా వెనక ఏదో అనుకుని నవ్వుకున్నారు. ఏమిటని అడగలేదు. అలాగే కూర్చున్నాను.