సుమికో మేడమ్ వేసవి పాటలు

బార్లీ గింజలు ఎర్రగా వేగుతున్నప్పుడు వచ్చే వాసన మా ఇంట్లో నాకు తప్ప ఎవరికీ పడదు. ఎండలు ముదరగానే రెండు గుప్పిళ్ళు పెనం మీద పోసి, కాస్త మాడు వాసన తగిలేదాకా వేయించి, నీళ్ళలో మరిగించి, వడకట్టి చల్లార్చుకుంటాను. ఇంత ఖర్మేమిటి, శుభ్రంగా మజ్జిగ తాగొచ్చు కదా అత్తయ్యా అంటుంది నా కోడలు. ఈ ఏడూ అదే మాట అంది. చెప్పడం మొదలుపెడితే పొయ్యి మీద కూర మాడిపోతుందని ఊరుకున్నాను. ఆ నీళ్ళు కాచడం నాకు నేర్పింది సుమికో మేడమ్. ఆవిడ దగ్గర నేర్చుకున్నవాటిలో అది చాలా చిన్నది. పెద్దది నేర్చుకునే లోపల నేను ఒక ముసలాయన నోరు మూయించాను.

ఎనభైల చివర్లో కోనసీమ నుంచి మస్కట్ వెళ్ళాను. అక్కడ ఘుబ్రా అనే పేటలో ఒక జపాన్ దంపతుల ఇంట్లో వంటా, ఇంటిపనీ. అయ్యగారు మంచినీటి ప్లాంటులో ఇంజనీరు. ఆయన భార్యే సుమికో మేడమ్. అప్పటికే అరవై దాటిన మనిషి. బక్కపలచగా ఉండేది, నవ్వడం తక్కువ. తువ్వాలు అడ్డంగా మడిస్తే విప్పి మళ్ళీ నిలువుగా మడిచేది, మాట మాత్రం అనేది కాదు. ఆవిడకు వచ్చిన ఇంగ్లీషు, నాకు వచ్చిన హిందీ, ఇద్దరికీ అంతంతమాత్రంగా వచ్చిన అరబ్బీ కలిపి మాట్లాడుకునేవాళ్ళం. ఆ కలగూరగంపను ఇక్కడ తెలుగు చేసి రాస్తున్నాను.

ప్రతి శుక్రవారం పొద్దున పదింటికి మస్కట్‌లో ఉన్న జపాన్ పెద్దవాళ్ళు ఎనిమిది తొమ్మిదిమంది మేడమ్ వాళ్ళ హాల్లో చేరేవారు. అందరూ అరవై పైబడినవాళ్ళే. నేను చల్లటి బార్లీ నీళ్ళు గ్లాసుల్లో పోసి పెట్టేదాన్ని. మేడమ్ కుంచెతో పెద్దపెద్ద అక్షరాలు రాసిన కాగితాలు గోడకు తగిలించేది. గంటసేపు పాటలు పాడుకునేవారు. జూన్ నుంచి ఆగస్టు దాకా వేసవి పాటలే. వాగు ఒడ్డున మిణుగురులు, వానలో కప్పలు, పుచ్చకాయ కోసుకుని తిన్న సాయంత్రాలు, అన్నీ వాళ్ళు చిన్నప్పుడు బడిలో పాడుకున్నవట. బయట నిప్పులు చెరిగే ఎండ, లోపల పరదాలు దించి, ఏసీ పెట్టుకుని వీళ్ళు వాగుల గురించి పాడుతుంటే నాకు నవ్వొచ్చేది. ఒకసారి అడిగేశాను కూడా. ఇక్కడ మా వేసవి లేదు కాబట్టే పాడుకోవాలి అంది మేడమ్. సెప్టెంబరులో ఒకరోజు గిన్నెలు తోముతూ మిణుగురుల పాట కూనిరాగం తీస్తే, అది అయిపోయింది, మళ్ళీ జూన్‌లో అని ఆపేసింది. పాటలకు కూడా మామిడిపళ్ళలాగా కాలం ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

నిజం చెప్పాలంటే ఆవిడ గొంతు ఏమంత బాగుండేది కాదు. మా ఊరి చర్చిలో పాట ఎత్తుకునేది నేనే. డోలక్ మోతను దాటి, మైకు లేకుండా, రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగేలా పాడేదాన్ని. పాట ఎత్తుకోవడమంటే అదేనని నా లెక్క. మేడమ్ మాత్రం వచ్చినవాళ్ళలో ఎవరి గొంతు అందరికన్నా కిందుందో చూసి, ఆ శ్రుతిలో మొదలుపెట్టేది. పాటలో ప్రతి లైనూ ముందుగా మెల్లగా చెప్పేది, తర్వాత అందరితో అందుకునేది. లైను చివరి రెండు మాటలు వచ్చేసరికి తను ఆగిపోయేది, వాళ్ళే పూర్తి చేసుకునేవారు. ఆవిడకు ఊపిరి చాలడం లేదేమో అనుకునేదాన్ని. విని విని ఆ పాటలన్నీ తెలుగు అక్షరాల్లో ఒక నోటు పుస్తకంలో రాసుకున్నాను. అర్థం తెలిసింది సగమే అయినా బాణీలు మాత్రం నోటికి వచ్చేశాయి.

తొంభైల మొదట్లో ఒక వేసవికి కోండో గారు మాట పడిపోయి వచ్చారు. సముద్రం ఒడ్డున షినాస్ వైపు ఊళ్ళలో జాలర్లకు చేపలు చెడిపోకుండా దాచే పద్ధతులు నేర్పడానికి వచ్చిన పెద్దాయన ఆయన. అంతకుముందు వేసవి అంతా పుచ్చకాయ పాటకు బల్ల చరిచి నవ్వించిన మనిషి. మార్చిలో పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ నెమ్మదిగా దారికొచ్చాయి గానీ మాట రాలేదు. నలుగురిలో ఏదో చెప్పబోతే వేరే ఏదో శబ్దం వచ్చిందట. ఆ సిగ్గుతో భార్య ముందు కూడా నోరు విప్పడం మానేశారు. ప్రయత్నం మానేస్తే ఉన్నది కూడా పోతుందని డాక్టరు చెప్పాడు. ఆగస్టు చివర వాళ్ళు జపాన్ తిరిగి వెళ్ళిపోతున్నారు. అక్కడ కొడుకు ఇంట్లో ఇలాగే మూగగా ఒక మూల కూర్చుండిపోతారేమోనని ఆయన భార్య మా వంటింట్లో నిలబడి మేడమ్ చెయ్యి పట్టుకుని ఏడ్చింది. మేడమ్ ఓదార్చలేదు. శుక్రవారాలు తప్పకుండా తీసుకురా అని మాత్రం అంది.

ఆ రోజు నుంచి ప్రతి శుక్రవారం మిణుగురుల పాట రెండుసార్లు పాడించేది. కోండో గారి వైపు చూసేది కాదు, ఎవరినీ చూడనిచ్చేది కాదు. శ్రుతి ఇంకా దించింది, లైను చివర ఇంకాస్త ఎక్కువసేపు ఆగేది. జూలై దాటేసరికి ఆయన పెదవులు కదలడం నేను గ్లాసులు అందిస్తూ చూశాను.

ఆగస్టు మొదట్లో మేడమ్‌కు గొంతు పూడుకుపోయింది. ఈ శుక్రవారం నువ్వు ఎత్తుకో అని నాకు సైగ చేసింది. నేను ఉబ్బితబ్బిబ్బయ్యాను. పెట్టె అడుగున ఉన్న పట్టుచీర తీసి కట్టుకున్నాను. మిణుగురుల పాట మా చర్చిలో ఎత్తుకున్నట్టే పైస్థాయిలో ఎత్తుకున్నాను, ఎక్కడా ఆగకుండా, గమకాలు కూడా వేసి. రెండో చరణానికి ఒక్కొక్కరే పాడడం మానేశారు. మూడో చరణం నేనొక్కదాన్నే పాడాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలోనే కోండో గారిని చూశాను. తెరుచుకోబోయిన నోరు గట్టిగా మూసుకుని, నేల చూస్తూ కూర్చున్నారు. ఆయన భార్య మర్యాద కోసం చప్పట్లు కొడుతోంది.

అందరూ వెళ్ళాక మేడమ్ గ్లాసులు తీస్తూ బొంగురు గొంతుతో అంది.

"బాగా పాడావు. అందరూ విన్నారు. వాళ్ళు వినడానికి రాలేదు."

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ వెంటనే కోపం కూడా వచ్చింది. పాడమన్నదీ ఆవిడే, తప్పు పట్టిందీ ఆవిడే అని రెండు రోజులు మూతి ముడుచుకుని తిరిగాను. కోండో గారిని కారులో తీసుకొచ్చే డ్రైవరు మహబూబ్ కడప అబ్బాయి. అతనితో నా గోడు చెప్పుకుంటే నన్ను వెనకేసుకొస్తాడనుకున్నాను. అతను ఇంకో సంగతి చెప్పాడు.

"ప్రతి శుక్రారం ఇంటికి పోయేటప్పుడు పెద్దాయన మోకాలి మీద ఏళ్ళతో తాళం ఏస్తా వచ్చేటోడు అక్కా. మొన్న చేతులు కట్టుకోని కూచున్యాడు. ఏమైందో నాకు తెల్దు."

నాకు తెలుసు. ఆ తర్వాతి శుక్రవారం కోండో గారు రాలేదు. ఆ పై వారమూ రాలేదు.

ఇక మిగిలింది ఒక్క శుక్రవారమే. మేడమ్ గొంతు పూర్తిగా బాగుపడలేదు, గట్టిగా మాట్లాడొద్దని డాక్టరు చెప్పాడు. చెడగొట్టింది నువ్వు, బాగు చేయాల్సిందీ నువ్వే అంది. వారం రోజులు వంటింట్లో నాతో సాధన చేయించింది. ఆవిడ బియ్యం కడుగుతుంటే నేను పాడాలి, ఆ బియ్యం చప్పుడు నా పాటను దాటి వినబడాలి. గొంతు కాస్త లేచిందంటే చేయి ఆపేసి నిలబడేది. చివరి రెండు మాటల దగ్గర ఆగమంటే నా వల్ల అయ్యేది కాదు. అంత దూరం వచ్చి పాటను వదిలేయడం నాకు నోటిదాకా వచ్చిన ముద్ద లాగేసుకున్నట్టుండేది. వదిలేస్తే ఎవరూ అందుకోకపోతే ఎలా అని అడిగాను. అందుకోరేమో, అయినా ఆగాలి అంది.

చివరి శుక్రవారం కోండో గారిని భార్య ఎలాగో ఒప్పించి తీసుకొచ్చింది. తలుపు పక్క కుర్చీలో కూర్చోబెట్టింది. నేను నా రోజువారీ నూలుచీరలో గోడ పక్కన నిలబడి, నా గొంతుకే నచ్చనంత కింద మొదలుపెట్టాను. ఒక్కొక్కరే కలిశారు. మొదటి చరణం చివర ఆగాను. మిగతావాళ్ళు పూర్తి చేశారు. రెండో చరణం చివరికి వచ్చేసరికి మేడమ్ వాళ్ళకు ఏదో సైగ చేసిందేమో, ఎవరూ అందుకోలేదు. హాల్లో ఏసీ చప్పుడు తప్ప ఏమీ లేదు. నా నాలుక మీద ఆ రెండు మాటలూ సిద్ధంగా ఉన్నాయి. పాడేయాలని ప్రాణం లాగింది. పళ్ళు బిగించి నిలబడ్డాను. ఎంతసేపో చెప్పలేను. అప్పుడు తలుపు పక్క నుంచి తుప్పు పట్టిన గేటు తీసినట్టు ఒక గొంతు వచ్చింది. మొదటి మాట వంకరగా వచ్చింది, రెండోది సరిగ్గానే వచ్చింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఎవరూ తిరిగి చూడలేదు. ఆయన భార్య గోడ మీద కాగితం వైపే చూస్తూ ఉండిపోయింది, చెంపల మీద నీళ్ళు తుడుచుకోలేదు కూడా. మేడమ్ నా వైపు చూసి తర్వాతి చరణం అన్నట్టు తల ఊపింది. నేను ఎత్తుకున్నాను. ఆ చరణం చివర కూడా ఆయనే అందుకున్నారు.

ఆ సాయంత్రం వంట చేస్తూ ఉండబట్టలేక, ఇవాళ నేను సరిగ్గా పాడానా మేడమ్ అని అడిగాను. ఆవిడ కూరగాయలు తరగడం ఆపలేదు.

"నువ్వు పాడావా? నాకు వినబడలేదు."

మరుసటి ఏడు మేడమ్ వాళ్ళు కూడా వెళ్ళిపోయారు. నేను ఇంకో నాలుగైదేళ్ళు అక్కడే వేరే ఇళ్ళల్లో చేసి వచ్చేశాను. నా గొంతు బాగుంటుందని తర్వాత చాలామంది అన్నారు, ఇప్పటికీ అంటారు. సంతోషమే. కానీ అవన్నీ కలిపినా ఆవిడ అన్న ఆ ఒక్క మాటతో తూగవు. ఇప్పుడు మా వీధిలో పదిమంది పెద్దవాళ్ళం మంగళవారాలు మా అరుగు మీద చేరి పాడుకుంటున్నాం. వాళ్ళలో ఇద్దరికి చూపు సరిగా లేదు, ఒకావిడకు మాటలు గుర్తుండవు. దారిన పోయేవాళ్ళు ఆగి, ఇక్కడ పాట ఎత్తుకునేది ఎవరమ్మా అని అడుగుతారు. మా వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, ఎవరూ లేరు, అందరం కలిసే పాడతాం అంటారు.